పరాయి దేశపు యుద్ధం, మన మనస్సాక్షి



బి.కొత్తకోటలో మొన్నొక ఆదివారం పూజ ముగిసి, అందరూ బయట నీడన నిలబడి మంచిచెడ్డలు మాట్లాడుకుంటుండగా ఇంటరు చదివే ఒక అబ్బాయి నా దగ్గరికి వచ్చి ఫోను చూపించాడు. సిరియాలో కుర్దుల పక్షాన పోరాడటానికి యూరపు నుండి, అమెరికా నుండి వెళ్ళిన యువకుల వీడియో అది. 2014 తర్వాత అలా చాలామంది వెళ్ళారు. వారిలో కొందరు తమను తాము అరాచకవాదులమని చెప్పుకొని, 2017లో ఒక దళంగా కూడా ఏర్పడ్డారు. కొందరు అక్కడే చనిపోయారు.

"వీళ్ళకు ఆ దేశం కాదు, ఆ భాష రాదు సార్. ఎవురికో అన్యాయం జరగతా ఉందని పోయి ప్రాణాలిచ్చినారు. మంచి సమరీయుని కథ మనం ఏటా వింటానే ఉంటాం కదా? వీళ్ళు చేసింది అదే కదా? తప్పెట్లయితాది సార్?" అని అడిగాడు.

"ముందు పరీక్షలు రాయి నాయనా" అన్నాను. పెద్దవాళ్ళం జవాబు తోచనప్పుడు చెప్పే మాట అది. వాడు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నాతో ఇంటికి వచ్చింది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు. వారికి చెప్పవలసిన జవాబును మీతో కలిసి వెతుకుదామని ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

ముందు ఆ మాట సంగతి. అరాచకం అంటే మనకు అల్లరి, దోపిడీ, అడిగే దిక్కు లేకపోవడం. కాని యూరపులో ఆ పేరు పెట్టుకున్నవారు చెప్పేది వేరు. మనిషి మీద మనిషి పెత్తనం ఉండకూడదు, ప్రభుత్వం, భూస్వామి, యజమాని ఎవరూ అక్కర లేదు, కష్టజీవులు తమ ఊళ్ళను తామే కలిసి నడుపుకోవాలి అని వారి వాదం. స్పెయిను దేశంలో 1936 నాటికి ఈ వాదం నమ్మిన కూలీలు, ఫ్యాక్టరీ పనివారు లక్షల సంఖ్యలో ఉన్నారు. తిరుసభ మీద వారికి పగ. ఆ పగ ఊరికే పుట్టలేదని మనం ఒప్పుకోవాలి. సెంటు భూమి లేని కూలీ ఆకలితో ఉన్న ఊళ్ళలో గురువులు భూస్వామి బల్ల దగ్గర కనిపించేవారు. ఆ చూపు ఒక తరం నుండి మరో తరానికి పేరుకుపోయింది. 1909లోనే బార్సిలోనా నగరంలో అనేక దేవాలయాలు, మఠాలు తగలబడ్డాయి.

1936 జులైలో స్పెయిను సైన్యంలో కొందరు అధికారులు గణతంత్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. త్వరలోనే జనరల్ ఫ్రాంకో వారి నాయకుడయ్యాడు. దేశం రెండుగా చీలి, అంతర్యుద్ధం 1939 ఏప్రిల్ దాకా సాగింది. ప్రభుత్వ పక్షాన పోరాడటానికి యాభైకి పైగా దేశాల నుండి సుమారు 35,000 మంది అంతర్జాతీయ దళాల్లో చేరారు. మన దేశం నుండీ వెళ్ళారు. నాగపూరుకు చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ జాన్ స్మిత్ అనే పేరుతో పోరాడి, 1938లో పట్టుబడి, ఫ్రాంకో పక్షం జైలుగా మార్చిన ఒక పాత మఠంలో బందీగా ఉండి విడుదలయ్యాడు. డాక్టర్ మేన్‌హన్‌లాల్ అటల్ తుపాకీ పట్టకుండా వైద్యుడిగా పనిచేశాడు. ఆ అటలే అదే 1938లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనాకు వెళ్ళిన వైద్య బృందానికి నాయకుడు. అటు ఫ్రాంకో పక్షానికీ విదేశీయులు వచ్చారు. ఐర్లండు నుండి ఓ'డఫీ నాయకత్వంలో సుమారు 700 మంది, విశ్వాసాన్ని కాపాడుతున్నామన్న నమ్మకంతో, జపమాలలతో ఓడ ఎక్కారు. అదే ఐర్లండు నుండి మరికొందరు అవతలి పక్షంలో చేరారు.

ఆ యుద్ధంలో తిరుసభ పడిన బాధ చిన్నది కాదు. గణతంత్ర పక్షం చేతిలో ఉన్న ప్రాంతాల్లో సుమారు 6,800 మంది గురువులు, మఠవాసులు, కన్యస్త్రీలు హతులయ్యారు. వారిలో 13 మంది మేత్రాణులు. చాలామంది మొదటి కొద్ది నెలల్లోనే చనిపోయారు. బార్బాస్త్రో అనే చిన్న పట్టణంలో క్లరీషియన్ సభకు చెందిన 51 మందిని చంపారు. అందులో ఎక్కువమంది ఇరవై ఏళ్ళ ప్రాయపు విద్యార్థులే. 1992లో తిరుసభ వారిని ధన్యులుగా ప్రకటించింది. ఇదంతా తెలిసిన కతోలికుడికి అరాచకవాది అనే పేరు వినగానే ఒళ్ళు మండటం సహజం. నాకూ మండింది. కాని ఈ విషయంలో నాకు ఎక్కువ నేర్పింది ఆ అరాచకవాదుల దళంలో చేరడానికి వెళ్ళిన ఒక యువతి.

ఆమె పేరు సిమోన్ వెయిల్. 1909లో పారిసులో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. దేవుని ఊసు లేని ఇల్లు. తత్వశాస్త్రం బోధించే ఉపాధ్యాయురాలు. కూలీల బాధ తెలియాలని సెలవు పెట్టి ఫ్యాక్టరీలో పనిచేసింది. యుద్ధమంటే ఆమెకు గిట్టదు. అయినా 1936 ఆగస్టులో బార్సిలోనాకు వెళ్ళింది. ఎందుకో తర్వాత ఆమే వివరించింది. పారిసులో కూర్చుని ప్రతిరోజూ ఒక పక్షం గెలవాలని, మరో పక్షం ఓడాలని మనసులో కోరుకుంటున్నప్పుడు ఆ యుద్ధంలో తాను అప్పుడే భాగస్తురాలినయ్యానని ఆమెకు అనిపించింది. ఇతరులు చస్తుంటే దూరంగా కూర్చుని జయజయధ్వానాలు చేయడం ఆమెకు సిగ్గుగా తోచింది. టీవీలో యుద్ధం చూస్తూ అన్నం తినే మనకు ఆ సిగ్గు కొంతైనా ఉందా అని ఇది చదివినప్పుడు అనుకున్నాను.

అరాచకవాదుల నాయకుడు దురూతి దళంలో విదేశీయుల చిన్న బృందం ఒకటి ఉండేది. అందులో ఆమె చేరింది. చూపు సరిగా ఆనదు, కళ్ళద్దాలు లేకపోతే ఏమీ కనిపించదు. ఆమె తుపాకీ పడితే తోటివారు పక్కకు తప్పుకొనేవారంటారు. కొద్ది రోజులకే, శత్రువుకు మంట కనిపించకుండా గుంట తీసి అందులో వంట చేస్తుండగా, చూసుకోక కాగే నూనెలో కాలు పెట్టింది. కాలు కాలి ఆసుపత్రి పాలైంది. తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చి సెప్టెంబరులో ఇంటికి తీసుకుపోయారు. అక్టోబరులో పెర్దిగుయేరా అనే పల్లె దగ్గర ఆ విదేశీయుల బృందంలో చాలామంది, స్త్రీలతో సహా, చనిపోయారు. నూనె బాణలి ఆమెను బతికించింది.

ఆమె మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో 1938లో ఒక ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరంలోని సంగతులు కొన్ని మీకు చెప్పాలి.

ఒక చోట పోరాటం ముగిశాక పదిహేనేళ్ళ కుర్రవాడొకడు ఈ బృందానికి చిక్కాడు. ఫ్రాంకో వైపు ఫలాంగే పార్టీ దళంలో ఉన్నవాడు. పక్కన తనవాళ్ళు చావడం చూసి ఇంకా వణుకుతున్నాడు. బలవంతంగా చేర్చుకున్నారని చెప్పాడు. జేబులు వెతికితే పార్టీ కార్డు ఒకటి, మరియమాత పతకం ఒకటి దొరికాయి. వాణ్ణి దురూతి దగ్గరికి పంపారు. దురూతి వాడికి గంటసేపు తమ ఆదర్శం ఎంత గొప్పదో వివరించి, మాతో చేరతావా, చస్తావా అని అడిగి, ఆలోచించుకోమని ఒక రోజు గడువు ఇచ్చాడు. వాడు చేరనన్నాడు. కాల్చేశారు. ఈ సంగతి ఆమెకు తర్వాతే తెలిసింది. అయినా ఆ పిల్లవాడి చావు తన మనస్సాక్షి మీద బరువుగా ఉండిపోయిందని ఆమె రాసుకుంది. దురూతి కొన్ని విషయాల్లో మెచ్చదగిన మనిషేనని కూడా అదే చోట రాసింది.

మరో సంగతి. ఇద్దరు అరాచకవాదులు ఇద్దరు గురువులను పట్టుకున్నారట. ఒకరిని రెండోవారి కళ్ళెదుటే కాల్చి, రెండోవారిని వెళ్ళిపొమ్మన్నారట. ఆయన ఇరవై అడుగులు వేశాక వెనుకనుండి కాల్చారట. ఆ కథ చెప్పినవాడు, ఆమె నవ్వకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. భోజనాల దగ్గర మంచివాళ్ళే, చిరునవ్వుతోనే, ఎందరు గురువులను, ఎందరు ఫాసిస్టులను చంపామో చెప్పుకొనేవారు. ఒళ్ళు జలదరించినవాడు కూడా, మగతనం లేదంటారేమోనని నోరు మెదిపేవాడు కాదు. ఫలానా తరగతి మనుషుల ప్రాణానికి విలువ లేదని పెద్దలు ఒకసారి తీర్మానిస్తే, ఆ తరగతివారిని చంపడం కన్నా సులభమైన పని మనిషికి మరొకటి ఉండదని ఆమెకు అర్థమైంది. ఎవరి కోసం వచ్చామో ఆ పేద రైతులకూ, తుపాకీ పట్టిన తమవాళ్ళకూ మధ్య ధనికుడికీ పేదవాడికీ మధ్య ఉండేంత దూరం ఉండటం కూడా ఆమె చూసింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. విదేశం నుండి వచ్చినవాడి కష్టం ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. వాడికి ఆ ఊరు తెలియదు. ఆమె చెప్పిన సంగతుల్లోనే, ముప్ఫై ఏళ్ళ రొట్టెలు కాల్చే మనిషి ఒకడున్నాడు. ఇదివరకు ఒక స్థానిక కాపలా దళంలో సభ్యుడుగా ఉన్నందుకు చంపారు. ముసలి తండ్రికి అతడొక్కడే కొడుకు, అతడే ఆధారం. తండ్రికి మతి చెడింది. ఊరివాడికైతే ఆ ముసలాయన ఎవరో తెలుస్తుంది. దూరం నుండి వచ్చినవాడి కంటికి మనిషి కనిపించడు, జేబులోని కార్డు కనిపిస్తుంది.

దీనికి రుజువులాంటిది బార్బాస్త్రోలోనే జరిగింది. సెఫెరీనో హిమెనెస్ మల్యా అనే జిప్సీ వృద్ధుడు ఉండేవాడు. ఎల్ పెలే అని పిలిచేవారు. చదువు రాదు. కంచర గాడిదల బేరం చేసేవాడు. 1936లో ఒక యువ గురువును ఈడ్చుకుపోతుంటే అడ్డం వెళ్ళాడు. పట్టుకుని వెతికితే జేబులో జపమాల దొరికింది. అతణ్ణి ఎరిగిన స్థానిక అరాచకవాది ఒకడు జైలుకు వెళ్ళి, ఆ జపమాల ఇచ్చెయ్యి, నిన్ను విడిపిస్తానని బతిమాలాడట. వృద్ధుడు ఇవ్వలేదు. ఆగస్టులో కాల్చేశారు. 1997లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యుడిగా ప్రకటించారు. జిప్సీ ప్రజల్లో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. ఆ జపమాల గురించి విన్న ప్రతిసారీ, దాన్ని వదిలెయ్యమని బతిమాలిన ఆ అరాచకవాది కూడా నాకు గుర్తుకొస్తాడు. అతనికి ఆ ముసలాయన తెలుసు. అందుకే వెళ్ళాడు.

అయితే నా వాదంలో లోపం ఉంది, మీకు కనిపించే ఉంటుంది. ఊరు తెలిస్తే చాలదు. మన రాయలసీమ ముఠాకక్షల్లో చంపినవాడికి చచ్చినవాడు తెలియకనా? ఒకే బావి నీళ్ళు తాగినవాళ్ళు, ఒకరి పెళ్ళికి ఒకరు పందిరి వేసినవాళ్ళు. మన వర్గం, వాళ్ళ వర్గం అన్న మాట పడ్డాక ఆ పెళ్ళీ పందిరీ గుర్తుకు రాలేదు. అటు స్పెయినులో ఆ కథ విని నవ్వనిది ఒక్క పరదేశి. కాబట్టి ఇది దూరం, దగ్గర లెక్క మాత్రమే కాదు.

సిమోన్ ఆ ఉత్తరం రాసింది ఎవరికో చెప్పలేదు. జార్జ్ బెర్నానోస్ అనే ఫ్రెంచి కతోలిక రచయితకు. పల్లెటూరి విచారణ గురువు దినచర్యను నవలగా రాసి పేరు పొందినవాడు. యుద్ధం మొదలైనప్పుడు ఆయన కుటుంబంతో స్పెయినుకు చెందిన మయోర్కా ద్వీపంలో ఉన్నాడు. గుడులు తగలబెట్టేవారిని అణచడానికి సైన్యం లేచిందని మొదట సంతోషించాడు. ఆయన కొడుకు ఫలాంగేలో చేరాడు. ఆ ద్వీపానికి ఇటలీ నుండి ఒక ఫాసిస్టు వచ్చాడు, అసలు పేరు బొనకోర్సి. కౌంట్ రోసి అని పేరు పెట్టుకుని, నల్ల చొక్కా మీద తెల్లని సిలువ వేసుకుని తిరిగాడు. చూశారా, ఇతడూ పరాయి దేశపు యుద్ధానికి వచ్చినవాడే. ఇతడి నాయకత్వంలో రాత్రిపూట లారీలు పల్లెలకు పోయేవి. పొలం నుండి వచ్చి అన్నానికి కూర్చున్న రైతులను ఎక్కించుకుని పోయేవి. తెల్లవారి శ్మశానాల దగ్గర శవాలు. ఏడు నెలల్లో మూడు వేలమంది అని బెర్నానోస్ లెక్క. ఆ చావులను చూస్తూ ఊరుకున్న తన తిరుసభ పెద్దలను కూడా ఆయన వదల్లేదు. 1938లో పుస్తకం రాసి లోకానికి చెప్పాడు. కతోలికులు ఆయనను ద్రోహి అన్నారు.

ఆ పుస్తకం చదివి సిమోన్ రాసిన ఉత్తరం అది. ఆయన తన వైపువారి నేరాలు చూసి చెప్పాడు. ఆమె తన వైపువారి నేరాలు చూసి చెప్పింది. అరాచకవాద మిత్రులకన్నా ఈ రాజభక్తుడైన కతోలికుడే తనకు ఎంతో దగ్గర అనిపించాడని ఆమె రాసింది. బెర్నానోస్ 1948లో చనిపోయేదాకా ఆ ఉత్తరాన్ని పర్సులో దాచుకున్నాడంటారు.

ఆ యుద్ధంలో ముందు వరుసలో కాక ఊళ్ళలో, జైళ్ళలో చంపబడినవారి సంఖ్యను చరిత్రకారులు లెక్కగట్టారు. గణతంత్ర పక్షం వైపు సుమారు 50,000, ఫ్రాంకో వైపు లక్షకు పైగా. ఫ్రాంకో వైపు కాల్చినవారిలో పదిమందికి పైగా బాస్కు గురువులు కూడా ఉన్నారు. మన వేదసాక్షుల జాబితా చదువుకునే మనం ఈ రెండో లెక్క ఎన్నిసార్లు విన్నాం? నేను వేదసాక్షుల గౌరవాన్ని తగ్గించడం లేదు. ఎల్ పెలే కాళ్ళకు దండం పెడతాను. కాని మన చావులే చావులు అని లెక్కపెట్టడం మొదలైన చోటనే, ఆ భోజనాల దగ్గర నవ్వు కూడా మొదలైందని నా అనుమానం.

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. వెళ్ళడమే పాపమా?

తిరుసభ బోధన ఏమిటో ముందు చెప్పాలి. పునీత తోమాసు అక్వినాసుగారు న్యాయమైన యుద్ధానికి మూడు షరతులు పెట్టారు: ప్రకటించే హక్కు ఉన్న అధికారం, న్యాయమైన కారణం, సరైన ఉద్దేశం. తనంత తాను వెళ్ళినవాడికి రెండోది, మూడోది ఉండవచ్చు, మొదటిది కష్టం. వాడు ఎవరికి జవాబుదారీ? రెండవ వాటికన్ మహాసభ ప్రజల రక్షణ కోసం సైన్యంలో పనిచేసేవారిని గౌరవించింది, ఆయుధం పట్టనన్నవారినీ మెచ్చుకుంది. ఈ కాలపు ఆయుధాలు చూశాక న్యాయమైన యుద్ధం అనే మాట వాడటమే చాలా కష్టమైందని ఫ్రాన్సిసు పోపుగారు 2020లో తమ విశ్వలేఖలో రాశారు. ఇవన్నీ నిజమే. కాని ఈ మూడు షరతులు ఆ అబ్బాయికి అప్పజెప్పి పంపిస్తే వాడికి తృప్తి కలగదు, నాకూ కలగదు. ఎందుకంటే వాడు అడిగింది కరుణ గురించి.

పరాయి వాళ్ళ గొడవ మనకెందుకు అనే జవాబు మాత్రం క్రైస్తవ జవాబు కాదు. సువిశేషంలో ఆ జవాబు చెప్పినవారు ఇద్దరున్నారు, దారికి అవతలి పక్కనుండి వెళ్ళిపోయిన యాజకుడు, లేవీయుడు. వారికన్నా సిమోన్ మేలు.

అయితే లూకా సువిశేషం పదవ అధ్యాయంలో ఆ సమరీయుని కథకు ముందు, తొమ్మిదవ అధ్యాయంలో మరో కథ ఉంది, అది మనం అంతగా చెప్పుకోము. ఒక సమరీయుల ఊరు ప్రభువును రానివ్వలేదు. యాకోబు, యోహాను ఆకాశం నుండి అగ్ని రప్పించి ఆ ఊరిని కాల్చమంటావా అని అడిగారు. ప్రేమతోనే అడిగారు సుమా, ప్రభువు మీద ప్రేమతో. ప్రభువు వారిని గద్దించి మరో ఊరికి దారి తీశారు. ఆ అగ్ని కురిసి ఉంటే? తర్వాతి అధ్యాయంలో దెబ్బలు తిన్న మనిషికి నూనె, ద్రాక్షరసం పోసి కట్టు కట్టిన సమరీయుడు ఆ ఊరివాడే కావచ్చునేమో. ఇది నా ఊహ మాత్రమే, లేఖనంలో లేదు. కాని శిష్యుల్లో ఉన్న ఆవేశమూ, సమరీయునిలో ఉన్న కరుణా ఒకే గుండెలో పుట్టగలవు. రెండూ మనిషిని ఇంట్లో కూర్చోనివ్వవు. బయలుదేరేటప్పుడు ఏది తనను నడిపిస్తున్నదో వెళ్ళేవాడికే తెలియదు. మొదటి బందీ కళ్ళెదుట నిలిచినప్పుడు తెలుస్తుంది.

సిమోన్‌కు ఆ ఘడియ వచ్చింది. ఒక గురువును కాల్చబోతున్నారని ఆమె ఎదురుగా కొన్ని నిమిషాలు గడిచాయి. ఊరికే చూస్తూ నిలబడతానా, అడ్డం వెళ్ళి నేనూ చస్తానా అని తనను తాను అడుగుతూ నిలుచుంది. ఏదో అదృష్టవశాన ఆ కాల్పు జరగలేదు. తానేం చేసి ఉండేదో తనకు ఇప్పటికీ తెలియదని నిజాయితీగా రాసింది. నేనైతే అడ్డం వెళ్ళేవాడినని రాసుకునేవాడిని.

అడ్డం వెళ్ళినవాడు ఒకడున్నాడు. అతడూ అరాచకవాదే, పేరు మెల్చోర్ రోద్రిగెస్. ఒకప్పుడు ఎద్దులతో పోరాడే వృత్తి. 1936 చివర మాడ్రిడ్ జైళ్ళ బాధ్యత అతనికి వచ్చింది. అప్పటికి జైళ్ళ నుండి ఖైదీలను బయటికి తీసి గుంపులుగా చంపుతున్నారు. అతడు ఆపాడు. డిసెంబరు 8న, మనం నిష్కళంకమాత పండుగ చేసుకునే రోజున, శత్రు విమానాలు బాంబులు వేశాయని మండిపడుతున్న జనం ఆయుధాలతో అల్కలా పట్టణపు జైలు మీదికి వచ్చారు. లోపల సుమారు 1,500 మంది ఖైదీలు, అతని శత్రువులు. వారిని చంపాలంటే ముందు నన్ను చంపమని తన పక్షంవారి తుపాకుల ఎదుట గంటల తరబడి నిలబడ్డాడు. ఒక్కరూ చావలేదు. యుద్ధం తర్వాత ఫ్రాంకో ప్రభుత్వం అతణ్ణే జైల్లో పెట్టింది. అతని వల్ల బతికిన ఒక జనరల్ కోర్టులో అతని తరఫున మాట్లాడాడు. 1972లో అతడు చనిపోతే శవయాత్రకు రెండు పక్షాలవారూ వచ్చారు. పెట్టె మీద అరాచకవాదుల ఎరుపు నలుపు జెండా కప్పారు, పరలోక జపం చెప్పారు, వారి పాటా పాడారు. దేవుణ్ణి నమ్మని ఆ మనిషి కోసం నేను నవంబరులో ఆత్మల పండుగ నాడు ప్రార్థిస్తాను. దాన్ని తప్పనేవారు ఉంటే ఉండనివ్వండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ కాలంలో మన పిల్లలను యుద్ధానికి తీసుకుపోయేది ఎక్కువసార్లు ఆదర్శం కాదు, ఏజెంటు. సహాయకుని ఉద్యోగమని చెప్పి మన దేశపు యువకులను రష్యాకు తీసుకుపోయి సైన్యంలో చేర్చిన ముఠాల మీద 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. ఆ మోసంలో పడిన హైదరాబాదు యువకుడొకడు అక్కడ ప్రాణం పోగొట్టుకున్నాడు. కువైట్‌కు పిల్లలను పంపి అలవాటైన ప్రాంతం మనది. ఏ దేశం, ఏ పని, కాగితం మీద ఏం రాసి ఉంది అని చదివించుకుని చూడండి. ఇది వేరే సంగతి, కాని చెప్పకుండా ఉండలేకపోయాను.

సిమోన్ మిగతా కథ క్లుప్తంగా చెబుతాను. 1938 పవిత్రవారంలో సొలేమ్ మఠంలో, విపరీతమైన తలనొప్పితో, మఠవాసుల కీర్తనలు వింటూ కూర్చున్నప్పుడు క్రీస్తు పాటులు ఆమె మనసులోకి ప్రవేశించాయి. తిరుసభ గడప దాకా వచ్చి, లోపలికి రాలేక అక్కడే చాలాకాలం నిలబడిపోయింది. 1943 ఆగస్టులో ఇంగ్లండులో, శత్రువు ఆక్రమణలో ఉన్న తన దేశంవారికి దొరకని తిండి తాను తిననంటూ, క్షయతో ఒక శానిటోరియంలో చనిపోయింది. వయసు 34.

క్షయ, శానిటోరియం అనగానే మన వైపువారికి ఆరోగ్యవరం గుర్తుకొస్తుంది. మదనపల్లె దగ్గర 1915లో అది తెరిచినప్పటి పెద్ద డాక్టరు ఫ్రిమొట్ మోలర్, డెన్మార్కు దేశస్తుడు. మన కతోలికులు కాదు, ప్రొటెస్టంటు మిషనువారు. ఆ రోజుల్లో క్షయ పట్టిన మనిషికి ఇంట్లోవాళ్ళే కంచం వేరుగా పెట్టేవారు. ఆ దగ్గు వినడానికి అంత దూరం నుండి వచ్చినవాడు. అతనికీ మన ఊరు కాదు, మన భాష కాదు. రోగి ఏ పక్షంవాడో అడగవలసిన అవసరం మాత్రం అతనికి రాలేదు.

వచ్చే ఆదివారం ఆ అబ్బాయి కనిపిస్తే ఈ కాగితం వాడి చేతికి ఇస్తాను. వెళ్ళవద్దని చెప్పను, వాడు వెళ్ళేదీ లేదు, వచ్చే నెల పరీక్షలు. ఆ పదిహేనేళ్ళ కుర్రవాడి సంగతి మాత్రం వాడితో మాట్లాడాలి. జేబులో మరియమాత పతకం పెట్టుకుని, ఒక రోజంతా ఆలోచించి, చేరనన్నవాడు. వాడి పేరు కూడా ఆ ఉత్తరంలో లేదు.